దక్షిణ ఫ్రాన్స్‌లో తిండి తిప్పలు: మధ్యాహ్నం రెండు దాటితే పస్తే!

#1 గోదారిగట్టు (హైదరాబాద్)

మొన్న సెప్టెంబరులో నేనూ, మా ఆవిడా, అమ్మా పదహారు రోజులు దక్షిణ ఫ్రాన్స్ తిరిగొచ్చాం. నీస్‌లో దిగాం, టులూజ్‌లో విమానం ఎక్కాం. మధ్యలో మార్సెయ్, ఆర్ల్, నీమ్, మోంపెలియే రైళ్ళ మీద చూశాం. పెజ్‌నాస్ అనే చిన్న ఊరికి మాత్రం బస్సులో వెళ్ళాం. చూసినవాటి గురించి మన వేదికలో ఇప్పటికే బోలెడు మంది రాశారు. నేను తిన్నవాటి గురించీ, తినలేకపోయినవాటి గురించీ రాస్తాను.

ముందు మా ఇంటి లెక్క చెప్పాలి. నేను గొడ్డుమాంసం తప్ప అన్నీ తింటాను. మా ఆవిడ చేప, రొయ్య దాకా వస్తుంది. అమ్మ గుడ్డు కూడా ముట్టదు, కేకు వాసన చూసి పక్కన పెట్టే రకం. ముగ్గురికీ ఒకే బల్ల మీద తిండి కుదరడం రాజమండ్రిలోనే కష్టం, ఇక అక్కడ చెప్పేదేముంది అనుకుని కందిపొడి, చింతకాయ పచ్చడి, అటుకులు సూట్‌కేసులో కుక్కుకుని బయల్దేరాం.

నీస్ మాత్రం మొదటి సాయంత్రమే మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. అక్కడ సొక్కా అని ఒకటి ఉంది. శెనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. జారుగా కలిపి, చిన్నసైజు బండి చక్రమంత రాగి పళ్ళెంలో పల్చగా పోసి కట్టెల పొయ్యిలోకి తోస్తారు. పైన అక్కడక్కడా మాడి, లోపల మెత్తగా ఉంటుంది. గీకి ముక్కలు చేసి, మిరియాలపొడి దండిగా చల్లి ఇస్తారు. చేత్తోనే తినడం. అమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని "దిబ్బరొట్టె అంచులా ఉందిరా" అంది. రెండో ముక్కకి "ఉల్లిపాయా, పచ్చిమిర్చీ తరిగి వేస్తే వీళ్ళ సొమ్మేం పోయింది" అంది. మూడో ప్లేటు తనే వెళ్ళి వేలు చూపించి తెచ్చుకుంది.

పక్కనే గుమ్మడిపూలలాంటి పూలు బజ్జీలు వేస్తున్నారు. అవి మన గుమ్మడివి కావు, కూరగాయగా వాడే పచ్చ జుకినీ పూలు. పిండిలో గుడ్డు కొడతారని తెలిసి అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. మేమిద్దరం తిన్నాం. చాలా బాగున్నాయి, కాకపోతే అమ్మ చూపులకి సగం రుచి పోయింది.

అసలు దెబ్బ ఆర్ల్‌లో తగిలింది. రోమన్ల కాలం నాటి గుండ్రటి రంగస్థలం చూస్తూ టైము మర్చిపోయాం. బయటికొచ్చేసరికి రెండుంపావు. సందులో ఒక హోటల్ నిండా జనం తింటున్నారు, నాలుగు బల్లలు ఖాళీ. లోపలికి వెళ్తే "కుయిజీన్ ఫెర్మే" అన్నాడు. వంటిల్లు మూసేశారట. కళ్ళెదురుగా జనం తింటుంటే వంటిల్లు మూసెయ్యడమేమిటో నాకు ఎక్కలేదు. ఇంకో హోటల్, ఇంకోటి, నాలుగోది. అందరిదీ అదే మాట. చివరికి ఒక చిన్న కొట్లో అరటిపళ్ళూ, రొట్టే కొనుక్కుని నది గట్టున కూర్చున్నాం. అమ్మ "ఇవాళ ఏకాదశి అనుకుంటే సరిపోయె" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

పదహారు రోజుల్లో నాకర్థమైంది ఇదీ: వాళ్ళ వంటతో మనకి పెద్ద గొడవ లేదు, గొడవంతా వాళ్ళ గడియారంతోనే. మిగతా ఊళ్ళ సంగతి రేపు రాస్తా. అడగాల్సినవి ఉంటే అడగండి.

#2 నెత్తళ్ళవేపుడు (విశాఖపట్నం)

మార్సెయ్ వెళ్ళి బూయాబేస్ గురించి ఒక్క ముక్క రాయలేదేంటండీ! ప్రపంచంలోకెల్లా గొప్ప చేపల పులుసు అంటారు కదా. తిన్నారా లేదా?

#3 పెసరట్టు_ఉప్మా (టులూజ్)

గోదారిగట్టు గారూ, మీ ఆర్ల్ కథ చదివి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. నేనిక్కడికొచ్చి తొమ్మిదేళ్ళు. మొదటి నెలలో నేనూ ఇలాగే రొట్టె కొరుక్కుంటూ ఏడ్చాను.

సంగతేమిటంటే, ఇక్కడ చాలా హోటళ్ళలో మధ్యాహ్నం వంట పన్నెండు నుంచి రెండు దాకే. వంటవాడు ఒకడో ఇద్దరో ఉంటారు. రెండింటికి పొయ్యి ఆపి, కడుక్కుని, సాయంత్రం ఏడింటికి మళ్ళీ మొదలు. తినేవాళ్ళు మాత్రం మూడు దాకా తీరిగ్గా కూర్చుంటారు. మీరు చూసింది వాళ్ళనే. పన్నెండున్నరకి బల్ల దగ్గర ఉంటే రాజభోగం, ఒంటిగంటా నలభైకి వెళ్తే అనుమానం, రెండయితే నమస్కారం. బయట బోర్డు మీద "సెర్వీస్ కోంతిన్యూ" అని ఉంటే మధ్యలో కూడా వండుతారు. అలాంటివి ఎక్కువగా పర్యాటకుల చౌకుల్లోనే ఉంటాయి, రుచి దైవాధీనం. ఆదివారం రాత్రీ, సోమవారమూ చిన్న ఊళ్ళలో సగం హోటళ్ళు మూతే. ఆ పూటలకంటూ ముందే ఏదో ఒకటి కొని పెట్టుకోవాలి.

ఇంకో మాట. నల్ల పలక మీద సుద్దతో "ప్లా ద్యు జూర్" అని రాస్తారు, ఆ రోజు వండిన వంటకం అని. దానికి ముందొకటో వెనకొకటో కలిపి ఇస్తే "ఫోర్మ్యుల్". మధ్యాహ్నం అదే అడగండి. తాజాగా ఉంటుంది, డబ్బూ తక్కువ. మా ఊళ్ళో ఇప్పుడు 15 నుంచి 20 యూరోల మధ్య నడుస్తోంది. అదే హోటల్లో రాత్రికి వెళ్తే దాదాపు రెట్టింపు వదులుతుంది.

నీళ్ళకి డబ్బు కట్టకండి! "ఉన్ కరాఫ్ దో" అంటే కుళాయి నీళ్ళు కూజాలో ఉచితంగా తెచ్చి పెట్టాలి. 2022 జనవరి నుంచి ఆ సంగతి కనబడేలా రాసి ఉంచాలని చట్టం కూడా ఉంది. ఊరికే "వాటర్" అంటే సీసా తెచ్చి 5 యూరోలు వేస్తారు.

#4 కందిపొడి (విజయవాడ)

నా పేరు చూసి అందరూ నన్నే సూట్‌కేసులో పెట్టారనుకోకండి :)

మేము మే నెలలో అత్తయ్యగారినీ మావయ్యగారినీ తీసుకుని నీస్, అవిన్యోన్, నీమ్ వెళ్తున్నాం. మా వాళ్ళు పూర్తి శాకాహారులు, అత్తయ్యగారికి వెల్లుల్లి కూడా పడదు. ఇప్పట్నుంచే నాకు నిద్ర పట్టడం లేదు. ఏం అడగాలి, ఏం అడక్కూడదు, ఎవరైనా వివరంగా చెప్పండి ప్లీజ్.

#5 ఓరుగల్లు_పోరడు (వరంగల్)

అక్కా, వెల్లుల్లి వద్దంటే ప్రోవాన్స్, అంటే గా మార్సెయ్-అవిన్యోన్ దిక్కు, పోవుడెందుకు! అక్కడ అయోలీ అని వెల్లుల్లితోనే పచ్చడి చేస్తరు. దంచిన వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఎక్కువమంది గుడ్డుసొన గూడ కలుపుతరు. ఉడకబెట్టిన కూరగాయలు, ఉప్పుచేప, నత్తలు అందులో అద్దుకొని తింటరు. శుక్రవారం నాడు చాలా హోటళ్ళల్ల అదే స్పెషల్.

నేను మోంపెలియేల రెండేండ్లు చదివిన. హోటళ్ళ ముచ్చట నాకు ఎక్కువ తెల్వది, జేబుల పైసలుంటే గద! యూనివర్సిటీ క్యాంటీన్ల నేనున్నప్పుడు 3 యూరోల 30 సెంట్లకు పూర్తి భోజనం. రాత్రి కెబాబ్ కొట్టు, అందుల హరిస్సా ఎక్కువ ఎయ్యమని అడుగుడు. హరిస్సా అంటే ట్యునీసియావోళ్ళ ఎండుమిర్చి పచ్చడి. కారం కోసం మొహం వాచినోళ్ళకు అదే దిక్కు. మార్సెయ్‌ల నోఆయ్ బజారుకు పోతే ఉత్తర ఆఫ్రికా సరుకు మొత్తం దొరుకుతది. ఆడ కూరగాయల కుస్‌కుస్ తింటే మన ఉప్మా మీద సాంబారు పోసుకున్నట్టే ఉంటది. మీ అత్తమ్మకు అదే బెస్ట్, కానీ పులుసును మాంసంతో ఉడకబెట్టిండ్రా అని అడుగుండ్రి.

#6 పెసరట్టు_ఉప్మా (టులూజ్)

పోరడు చివర చెప్పింది చాలా ముఖ్యం. కందిపొడి గారూ, "వెజిటేరియన్" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకండి. "సాఁ వియాఁద్, సాఁ ప్వాసోఁ" అని విడివిడిగా చెప్పండి, మాంసం వద్దు, చేప వద్దు అని. ఎందుకంటే పాత తరం వంటవాళ్ళ లెక్కలో చేప మాంసం కాదు. సలాడ్‌లో వేసే చిన్న చిన్న పంది ముక్కలు, వాటిని లార్దోన్ అంటారు, అవి చాలామందికి పోపు గింజలతో సమానం.

మోసం చేసేవి మూడు నాలుగున్నాయి. తపెనాద్ అని నల్ల ఆలివ్‌ల పచ్చడి, చూడ్డానికి శుద్ధ శాకాహారం, కానీ అందులో నెత్తళ్ళు నూరతారు. నీస్‌లో పిసలదియేర్ అని ఉల్లిపాయల రొట్టె, దాని మీదా నెత్తళ్ళే. నీస్ సలాడ్‌లో గుడ్డూ, చేపా రెండూ ఉంటాయి. పాఁ బాన్యా అంటే అదే సలాడ్‌ని గుండ్రటి రొట్టెలో పెట్టి ఆలివ్ నూనెలో నానబెట్టింది.

సేఫ్‌గా ఉండేవి: రతతూయ్ (వంకాయ, జుకినీ, టమాటా, క్యాప్సికమ్ కూర, కానీ వెల్లుల్లి ఉంటుంది), మేకపాల చీజ్ ముక్కల వేడి సలాడ్, మార్సెయ్‌లో పనీస్. పనీస్ అంటే శెనగపిండిని నీళ్ళలో ముద్దగా ఉడికించి, చల్లారబెట్టి, చక్రాలుగా కోసి వేయించడం. మీ వాళ్ళు మరీ నిష్ఠగా ఉంటే చీజ్ సంగతీ ఆలోచించుకోవాలి. ఇక్కడ పేరున్న చీజ్‌లు చాలావరకు దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్‌తో తోడుపెట్టినవే. ఇది చెప్పి మీ నిద్ర ఇంకా చెడగొడుతున్నానని తెలుసు, కానీ అక్కడికెళ్ళాక తెలిస్తే ఇంకా బాధ.

#7 గోదారిగట్టు (హైదరాబాద్)

లార్దోన్! ఆ పేరు ఇప్పుడు తెలిసింది. నీమ్‌లో ఒక హోటల్లో "నో మీట్" అని మూడుసార్లు చెప్పి అమ్మకి సలాడ్ తెప్పించాం. ఆకుల కింద గులాబీరంగు ముక్కలు. అమ్మ వాటిని ఏదో ఎండబెట్టిన పండు అనుకుంది. నోటి దాకా వెళ్ళేలోపు మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. సర్వర్‌ని పిలిచి చూపిస్తే "కానీ ఇవి చాలా చిన్నవి కదా" అన్నాడు పాపం, నిజంగానే అర్థం కాక. ఇంకో ప్లేటు తెచ్చిచ్చాడు, డబ్బు వెయ్యలేదు. అమ్మ మాత్రం ఆ పూట రొట్టె తప్ప ఏమీ ముట్టలేదు.

నెత్తళ్ళవేపుడు గారూ, బూయాబేస్ తినలేదండీ. సరైన చోట మనిషికి 60 యూరోలకు పైనే చెప్పారు, కొన్నిచోట్ల ముందురోజే చెప్పి ఉంచాలన్నారు. 1980లో మార్సెయ్ హోటళ్ళవాళ్ళు కొందరు కలిసి ఒక ఒప్పందం రాసుకున్నారట, ఏయే చేపలు ఉండాలి, ఎలా వడ్డించాలి అని. రాస్కాస్ అనే ముళ్ళచేప లాంటివాటిలో కనీసం నాలుగు రకాలు ఉండాలి. ముందు పులుసు, ఆ తర్వాత చేపలు విడిగా. అసలు కథ తమాషా. ఒకప్పుడు జాలర్లు అమ్ముడుపోని ముళ్ళచేపల్ని ఉడకబెట్టుకున్న తిండి ఇది. ఇప్పుడు జాలరి కొనుక్కోలేని ధర.

మేము ఓడరేవు పక్క సందులో మామూలు చేపల సూపు తాగాం. ముళ్ళతో సహా ఉడికించి వడకడతారు. ఎర్రటి మిరప-వెల్లుల్లి ముద్ద పూసిన రొట్టెముక్కలు అందులో ముంచుకోవాలి. దాన్ని రూయ్ అంటారు, తుప్పు అని అర్థమట. రంగు అలాగే ఉంటుంది. మా ఆవిడ రెండు చెంచాలు తాగి "చింతపండు పడలేదు" అంది. పూర్తిగా తాగాక "బాగానే ఉంది, కానీ రేపటికి ఉంచుకునే పులుసు కాదు" అంది. ఇంతకంటే సరైన తీర్పు నేను చెప్పలేను.

#8 నెత్తళ్ళవేపుడు (విశాఖపట్నం)

మీ ఆవిడగారి తీర్పుకి దండం. రేపటికి మిగలని పులుసు పులుసే కాదు.

పైన పెసరట్టు గారు నెత్తళ్ళని "మోసం చేసేవి" అన్నందుకు మాత్రం నా ప్రగాఢ నిరసన నమోదు చేసుకోండి. ఉల్లిపాయల రొట్టె మీద నెత్తళ్ళా? టికెట్ ఎంత?

#9 గంటస్తంభం (విజయనగరం)

అందరూ బానే రాస్తున్నారు గానీ అసలు విషయం ఎవరూ చెప్పట్లేదు. ఆ సర్వర్లకి మహా పొగరు. మేము నీస్‌లో కూర్చుంటే పది నిమిషాలు అటు చూడలేదు. చెయ్యెత్తి పిలిస్తే మొహం మాడ్చుకున్నాడు. బిల్లు కోసం ముప్పావుగంట కూర్చోబెట్టారు. మన డబ్బు పెట్టి మనం అవమానపడటానికి అంత దూరం వెళ్ళాలా?

#10 పెసరట్టు_ఉప్మా (టులూజ్)

గంటస్తంభం గారూ, ఒక్క ప్రశ్న. లోపలికి వెళ్ళగానే "బోఁజూర్" అన్నారా? నేరుగా వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నారా?

#11 గంటస్తంభం (విజయనగరం)

కూర్చున్నాం. హోటల్ కదా, కూర్చోక!

#12 పెసరట్టు_ఉప్మా (టులూజ్)

అక్కడే వచ్చింది. మన ఇంటికి ఎవరైనా చెప్పులు విప్పకుండా నేరుగా వచ్చి సోఫాలో కూర్చుంటే ఎలా ఉంటుంది? ఇక్కడ గుమ్మం దగ్గర ఆగి, బోఁజూర్ చెప్పి, ఎంతమందో చెప్పి, చూపించిన చోట కూర్చోవాలి. ఆ ఒక్క పలకరింపుకి మనిషే మారిపోతాడు. ఇక బిల్లు మీరు అడిగేదాకా తీసుకురారు. అడక్కుండా తేవడమంటే లేచి వెళ్ళమన్నట్టు. "లాదిసియోఁ సిల్ వూ ప్లే" అంటే వస్తుంది. టిప్ టెన్షన్ కూడా పెట్టుకోకండి, సర్వీసు ధరలోనే కలిసి ఉంటుంది. నచ్చితే ఒకటో రెండో యూరోలు చిల్లర వదిలేస్తే చాలు.

పొగరున్నవాళ్ళు లేరని అనను. ఉన్నారు. విజయనగరంలోనూ ఉంటారు.

#13 కందిపొడి (విజయవాడ)

నాకో సందేహం. హోటల్లో కూర్చుని మన పొడి మనం తీసి కలుపుకోవచ్చా? అత్తయ్యగారు లేకుండా తినరు.

#14 ఓరుగల్లు_పోరడు (వరంగల్)

ఎవడు చూస్తడక్కా! చిన్న డబ్బీల పోస్కపో, జల్లుకో, అయిపాయె.

#15 పెసరట్టు_ఉప్మా (టులూజ్)

వద్దండీ. బయటి తిండి తీసి తినడం ఇక్కడ హోటల్ వాళ్ళకి నచ్చదు. వంటవాడు ఉప్పూ కారం చూసి పంపించిన దాని మీద మనం ఎర్రగా ఏదో చల్లితే అతన్ని తిట్టినట్టే.

#16 గోదారిగట్టు (హైదరాబాద్)

దీని మీద మా ఇంట్లో పెద్ద యుద్ధమే జరిగింది కాబట్టి చెప్తున్నా. సొక్కా బల్లల దగ్గర, పార్కుల్లో అమ్మ ధైర్యంగా పొడి తీసింది. కూర్చుని తినే హోటల్లో మాత్రం నేను వద్దన్నాను. మోంపెలియేలో అమ్మ నా మాట వినకుండా చేతిరుమాలు చాటున రతతూయ్ మీద చల్లుకుంది. యజమానురాలు చూసేసింది. నేను చెమటలు కక్కుతున్నాను. ఆవిడ వచ్చి అడిగింది, బాగోలేదా అని కాదు, ఉప్పు తక్కువైందా అని. మా ఆవిడ ఫోన్‌లో అనువాదం చూపించింది, మా అత్తగారికి కారం అలవాటు అని. ఆవిడ తలూపి, వెళ్ళి మిరపనూనె సీసా తెచ్చి పెట్టింది. పొడి డబ్బాని కనీసం ముట్టుకోలేదు, రుచి చూస్తానని కూడా అనలేదు. నాకెందుకో అది మర్యాదగానే మందలించినట్టు అనిపించింది. అమ్మకి అలా ఏమీ అనిపించలేదు.

మాకు కలిసొచ్చింది వంటిల్లున్న అద్దె ఇల్లు. రోజుకి ఒక పూట బయట, ఒక పూట ఇంట్లో. ఆర్ల్‌లో పస్తున్న మర్నాడు శనివారం, సంత రోజు. అమ్మ సంతలో వంకాయలు నొక్కి చూస్తుంటే అమ్మేవాడు చెయ్యి ఊపి వద్దన్నాడు. అక్కడ మనం తాకకూడదు, వాళ్ళే ఏరి ఇస్తారు. ఎప్పటికి వండుతారని అడిగి మరీ ఇచ్చాడు, ఇవాళకా రేపటికా అని. బుధవారం కూడా సంత ఉంటుందట.

అక్కడే కామార్గ్ ఎర్రబియ్యం దొరికింది. ఆర్ల్ దిగువన రోన్ నది సముద్రంలో కలిసే డెల్టా అది. అచ్చం మన కోనసీమకి ఉప్పుగాలి ఎక్కువ తగిలినట్టుంటుంది. ఫ్లెమింగోలు కూడా ఉన్నాయి, పులికాట్ గుర్తొచ్చింది. ఉప్పునేలని నది నీళ్ళతో కడగడానికి వరి పనికొస్తుందని వేశారట. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇండోచైనా (ఇప్పటి వియత్నాం వైపు) నుంచి తెచ్చిన కూలీల చేత సాగు నిలబెట్టారు. వాళ్ళకి తెలిసిన పని కదా, ఊరు కాని ఊళ్ళో మళ్ళీ మడిలో దిగారు. ఆ బియ్యం నలభై నిమిషాలు ఉడికింది. దంపుడు బియ్యంలా నమలాలి. అమ్మ కందిపొడి, ఆలివ్ నూనె వేసుకుని తిని "నెయ్యి లేకపోయినా పర్లేదు" అంది. అది మామూలు మాట కాదు.

మాంసం తినేవాళ్ళకి ఒక హెచ్చరిక. కామార్గ్‌లో గార్దియాన్ అని రాసి ఉంటే అది ఎద్దుమాంసం కూర. నేను "గార్డెన్" లాంటిదేదో కూరగాయలదనుకుని ఆర్డరు చెప్పబోయాను. పక్క బల్ల పెద్దాయన వేళ్ళతో తల మీద కొమ్ములు పెట్టి చూపించాడు. ఆయనకి ఈ జన్మలో రుణపడి ఉంటాను.

#17 ఓరుగల్లు_పోరడు (వరంగల్)

కొమ్ముల తాత జిందాబాద్ 😂 అన్నా, సెత్ పోలేదా? మోంపెలియే నుంచి రైల్ల ఇరవై నిమిషాలే. ఆడ తియెల్ అని ఆక్టోపస్ పెట్టిన చిన్న రొట్టె చేస్తరు, లోపల టమాటా కారం. ఇటలీ నుంచి వచ్చిన జాలర్లు తెచ్చిన వంట. చేతుల పట్టుకొని కాలువ ఒడ్డున నడుచుకుంట తినొచ్చు. టైమింగ్ గొడవ గూడ లేదు.

#18 గోదారిగట్టు (హైదరాబాద్)

సెత్ తప్పిపోయింది తమ్ముడూ. ఆ రోజు పెజ్‌నాస్ వెళ్ళాం. ఎందుకంటే అక్కడ మన దేశంతో ముడిపడ్డ తిండి ఒకటి ఉందని ఎక్కడో చదివాను.

పెతీ పాతే ద పెజ్‌నాస్ అంటారు. దారపు కండె ఆకారంలో, బొటనవేలికంటే కొంచెం పొడవు. బయట గట్టి పిండి గోడ, లోపల మేకకో గొర్రెకో చెందిన కైమా, కొవ్వు, బెల్లంరంగు పంచదార, నిమ్మతొక్క. వేడిగా తినాలి. కొరికితే ముందు కజ్జికాయ, తర్వాత కైమా సమోసా, చివర్లో నిమ్మకాయ. తీపి మాంసం అంటే మనకి మొహం చిట్లుతుంది, నాకూ చిట్లింది. కానీ రెండోది తిన్నాను.

ఊళ్ళో చెప్పే కథేమిటంటే, 1768లో రాబర్ట్ క్లైవ్, అవును ప్లాసీ క్లైవే, ఆరోగ్యం కోసం ఇక్కడికొచ్చి ఉన్నాడు. వెంట ఉన్న వంటవాళ్ళు, భారతీయులంటారు, ఇవి చేసి ఊరి పెద్దల్ని విందుకి పిలిచినప్పుడు పెట్టారు. క్లైవ్ వెళ్ళిపోయాడు, వంటకం ఊరి మిఠాయివాళ్ళ చేతిలో ఉండిపోయింది. ఆ వంటవాళ్ళ పేర్లు మాత్రం ఏ కొట్టు గోడ మీదా కనబడలేదు. క్లైవ్ పేరు ఉంది.

#19 యానాం_బాబు (యానాం)

ఆయ్, ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నానండీ. క్లైవ్ పేరు వచ్చాక ఊరుకోలేకపోయాను.

మా యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలోనే ఉంది కదా. మా తాతగారి తరం ఫ్రెంచి బడిలో చదివింది. అందుకని మాకు ఆ పేర్లు చుట్టరికం లాంటివి. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్ళని ఓడించింది కల్నల్ ఫోర్డ్. అతన్ని బెంగాల్ నుంచి పంపింది క్లైవే. మరుసటేడు బందరు కూడా పోయింది. 1765లో ఢిల్లీ పాదుషా దగ్గర సర్కారు జిల్లాలకి ఫర్మానా రాయించుకున్నదీ క్లైవే. అంటే మన గోదావరి గట్టున ఫ్రెంచివాళ్ళ పొయ్యి ఆర్పినవాడు, పదేళ్ళు తిరక్కుండా ఒళ్ళు బాగోక ఫ్రాన్స్ గాలి పీల్చడానికి వెళ్ళాడు. వెళ్ళి అక్కడ మన వంట దిగబెట్టి వచ్చాడు! దీనికేమంటారండీ?

గోదారిగట్టు బాబూ, ఆ పిండి మైదాయేనా? కైమాలో మసాలా ఏమైనా తగిలిందా? కాస్త గుర్తు చేసుకుని చెప్పు.

#20 గోదారిగట్టు (హైదరాబాద్)

బాబాయ్ గారూ, మైదాయే అనిపించింది, వేడినీళ్ళతో కలిపినట్టు గట్టిగా ఉంది. మసాలా దాదాపు లేదు. మిరియం ఉందేమో అని నాకనిపించింది, మా ఆవిడ తినలేదు కాబట్టి సాక్ష్యం లేదు. నిమ్మతొక్క మాత్రం గట్టిగా తగిలింది.

#21 నెత్తళ్ళవేపుడు (విశాఖపట్నం)

టులూజ్ అక్కా, కసూలే సంగతి చెప్పకుండా తప్పించుకుంటున్నారు.

#22 పెసరట్టు_ఉప్మా (టులూజ్)

తప్పించుకోవట్లేదు తమ్ముడూ, అది మొదలుపెడితే కొట్లాట అవుతుంది. కస్తెల్నోదారి, కార్కసోన్, టులూజ్ మూడు ఊళ్ళూ మాదే అసలంటే మాదే అసలంటాయి. మన పూతరేకులకి ఇలాంటి పోటీ లేదు, ఆత్రేయపురం అంటే ఆత్రేయపురమే.

తెల్ల చిక్కుడు గింజలు, బాతు, పంది సాసేజ్ కలిపి గంటల తరబడి మట్టి దాకలో ఉడికిస్తారు. ఆ దాక పేరు కసోల్, దాన్నుంచే వంటకం పేరు. పైన కట్టే మీగడలాంటి పొరని విరిచి లోపలికి నొక్కుతూ మళ్ళీ మళ్ళీ కాలుస్తారు, ఏడుసార్లు నొక్కాలని పాతవాళ్ళ మాట. చలికాలం మధ్యాహ్నం తినాల్సింది. ఆగస్టు ఎండలో కార్కసోన్ కోట ఎక్కి దిగి కసూలే తిని హోటల్ గదిలో పడిపోయిన చుట్టాలని నేనే ముగ్గుర్ని చూశాను.

ఎక్కడ తినాలో తెలియకపోతే ఒక గుర్తు ఉంది. మెనూలో గిన్నె మీద ఇంటి కప్పు బొమ్మ కనబడితే ఆ వంటకం అక్కడే, పచ్చి సరుకుతో వండారని. 2014లో చట్టం చేసి పెట్టిన గుర్తు అది. లేదంటే డబ్బాలోది వేడి చేసి ఇచ్చినా మనకి తెలియదు.

#23 కందిపొడి (విజయవాడ)

వెళ్ళొచ్చామండీ! అందరికీ థాంక్స్.

పన్నెండుంపావుకే బల్ల దగ్గర కూర్చున్నాం రోజూ. మావయ్యగారు "బోఁజూర్" అనడం నేర్చుకుని బస్సు డ్రైవర్లకీ, కుక్కలకీ కూడా చెప్పారు. నీస్‌లో సొక్కా నాలుగు పూటలు తిన్నాం. సోమవారం నాడు కూర్ సలేయా బజారుకి వెళ్ళాం, కూరగాయలూ పూలూ ఉంటాయని. తీరా చూస్తే ఆ రోజు పాత సామాన్లు అమ్ముతారట. అత్తయ్యగారు ఇత్తడి గరిటె ఒకటి బేరమాడి కొన్నారు, భాష రాకుండానే, 12 యూరోలు చెప్పింది 7కి.

వెల్లుల్లి విషయంలో మాత్రం ఓడిపోయాం. అవిన్యోన్‌లో "సాఁ ఆయ్" అని చెప్తే సర్వర్ ఉన్నవన్నీ ఒక్కొక్కటి చూసి, చివరికి మెలన్ పండు, ఉడికించిన బంగాళాదుంప, వెన్న తెచ్చాడు. అత్తయ్యగారు దాన్నే రెండోసారి అడిగి వేయించుకున్నారు.

పొడి డబ్బా బయటికి తియ్యలేదు. అంటే, హోటల్లో తియ్యలేదు.

#24 యానాం_బాబు (యానాం)

అందరికీ నమస్కారం. గత ఆదివారం ఇంట్లో ఆ క్లైవ్ కజ్జికాయలు చేశామండీ. మేక కైమా పావుకేజీ, బెల్లం ఒక గుప్పెడు, రెండు నిమ్మకాయల తొక్క. కండె ఆకారం రాలేదు, స్టీలు గ్లాసు అడుగున పిండి ఒత్తి గోడ కట్టి ఓవెన్‌లో పెట్టాం. మా ఆవిడ మొదటి ముద్దకే పక్కకి జరిపేసింది. మనవలు ఆరు తిన్నారు. రెండో వాయికి బెల్లం సగం తగ్గించి, మిరియం వేసి, గసగసాలు కూడా కొంచెం తగిలించాను.

గోదారిగట్టు బాబూ, అసలుదానిలో తీపి ముందు తెలుస్తుందా, మాంసం ముందు తెలుస్తుందా? అది తేలితే బెల్లం సంగతి తేలిపోతుంది.

#25 గోదారిగట్టు (హైదరాబాద్)

తీపే ముందండీ బాబాయ్ గారూ, మాంసం రెండో కొరుకులో. గసగసాలు మాత్రం తీసెయ్యండి, అక్కడ లేవు. ఈసారి చేసేటప్పుడు చెప్పండి, కాకినాడ దాకా పనుంది, అమ్మ కోసం ఓ రెండు కొబ్బరి కూరినవి కూడా పెట్టించండి.